నలభై నిమిషాలు

తెల్లారి పొయ్యి దగ్గర ఉండాల్సిన కరీమున్, మొహం దిండులో పెట్టి మంచం మీద బోర్లా పడుకుంది. గడియారం చూస్తూ ఉండమని అత్త సర్దార్‌బీకి చెప్పింది. ఇరవై నిమిషాలు కాకుండానే గొంతు గరగరలాడి దగ్గు తెర కమ్ముకొచ్చింది.

"మళ్లీ మొదటికొచ్చిందత్తా," అంటూ లేచి కూర్చుంది.

పదిహేనేళ్లుగా కల్లాల్లో మిరపకాయల తొడిమలు తీసి, రంగు పోయిన తాలుకాయలు ఏరే మనిషికి దగ్గు లేకుండా ఎట్లా ఉంటుంది? కానీ గురువారం గుంటూరు ఆస్పత్రిలో దగ్గితే కుదరదు. రవిక మీద రెండుసార్లు నెత్తురు చుక్క కనబడితే పరీక్షలు చేయించుకుంది. మామోగ్రామ్‌లో, మామూలు స్కానింగ్‌లో ఏమీ దొరకలేదు. ఎమ్మారైలో మాత్రం ఎడమ రొమ్ములో మచ్చ తేలింది. అందులోనే కనబడింది కాబట్టి అందులోనే బోర్లా పడుకోబెట్టి, బొమ్మ చూసుకుంటూ సూదితో ముక్క తీస్తామన్నారు. నలభై నిమిషాలు కదలకూడదన్నారు. అందుకే ఈ వారం ఆమె కల్లం వైపు పోలేదు.

ఆడది పొద్దున్నే నడుం వాల్చడం చూస్తే మగాడికి ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి. కరీమున్ మొగుడు జాన్ బాషాకు ఒళ్లు మండింది.

"కల్లం నిండా కాయ ఉంటే ఈ వేషాలేంటే? రెండు పరీక్షల్లో ఏమీ లేదన్నారుగా! లేని రోగానికి సూదెందుకు?"

"మూడోదాంట్లో ఉందయ్యా."

"సూది పడితే ఊరుకున్నది రేగుతుంది. నా చెల్లెలు షమా అట్టా పోలా? గురువారం గడప దాటావంటే మళ్లీ ఈ ఇంట్లో అడుగు పెట్టబాక!"

కరీమున్ మంచం దిగింది. "నేను పోతే ఏంలే, తొడిమలు తీయడానికి ఇంకో మనిషి దొరుకుద్ది. అంతేగా నీకు!"

అతను చెయ్యెత్తాడు.

"ఒరేయ్ ఆగు. షమాకి సూది పడలేదురా," అంది సర్దార్‌బీ.

జాన్ బాషా తల్లి వైపు తిరిగాడు.

"ఆస్పత్రి వరసలో నుంచి నేనే దాన్ని లేపి తీసుకొచ్చేశా. అప్పుడే అద్దంకి సంబంధం కుదిరేట్టుంది. రొమ్ముకు సూది గుచ్చారని తెలిస్తే ఎవడు చేసుకుంటాడనుకున్నా. ఏడాదికల్లా పిల్ల పోయింది. నా తప్పని చెప్పలేక, సూదే చంపిందన్నా."

"ఆరేళ్లుగా ఊరంతా అదే చెప్పానమ్మా! నా మాట విని పక్కింటి అంకయ్య తన పెళ్లాన్ని కూడా పరీక్షకి పంపలేదు!"

అతను సద్ది ముట్టకుండా బయటికి పోయాడు. ముసలావిడ గోడకు ఆనుకుని ఏడ్చింది. కరీమున్ దగ్గరికి వెళ్లలేదు. ఆ క్షణాన ఆవిడంటే అసహ్యమే వేసింది.

గురువారం జాన్ బాషాయే ఆటో తెచ్చాడు. ఆస్పత్రిలో కరీమున్ గాజులు, రాగి తాయెత్తు విప్పించి లోపల పడుకోబెట్టారు. చెవుల్లో బిరడాలు పెట్టినా మిషన్ మోత మోగిపోతోంది. సగంలో గొంతు గరగరమంది. పిల్లలు లేని తనకు చెల్లెలై, కూతురై తిరిగిన షమా గుర్తొచ్చింది. కళ్లనీళ్లు కారాయి గానీ దగ్గు మాత్రం రానివ్వలేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి సర్దార్‌బీ కల్లం నుంచి దగ్గుకుంటూ వస్తోంది. కోడలికి బదులు తనే రోజంతా తొడిమలు తీసింది. మానేసి పదేళ్లయిన పని.

"ముక్క తీశారా?"

"తీశారు. వారంలో చెబుతారంట."

"ఎంతసేపు పట్టింది?"

"నలభై నిమిషాలత్తా."

"అంతేనా?"

ఆవిడ అక్కడే కూలబడి మిరప చేతులతోనే మొహం కప్పుకుంది. కళ్లు మండిపోతున్నా చేతులు తీయలేదు.

"అంతేనా కరీమూ? నలభై నిమిషాలేనా?"

కరీమున్ చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆవిడ చేతులు మొహం మీది నుంచి బలవంతాన లాగి, ఒక్కో వేలూ కడగసాగింది. ఎంత కడిగినా మంట పోలేదు.