ఎదుటి జట్టుకు వడ్డించిన అన్నం

కన్నబాబు కంచం ముందు నుంచి లేచిపోయాడు! చెయ్యయినా కడుక్కోకుండా గదిలోకి వెళ్ళి, చేతికందిన బట్టలు ట్రంకుపెట్టెలో కుక్కుకుని, ఆటబూట్లు మెడలో వేలాడేసుకుని గుమ్మం దాటేశాడు. ఆరేళ్ళ పసివాడుగా తల్లిని పోగొట్టుకుని, కొత్త పెళ్ళికూతురుగా వచ్చిన కమలాక్షి కొంగు పట్టుకుని పెరిగిన మరిది! కడుపున పుట్టకపోయినా కొడుకంటే వాడే అనుకుంది ఆమె. ఇప్పుడు కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుకు కెప్టెన్ అయి, మీసం మొలిచి, వడ్డించిన అన్నాన్ని తోసేసి వెళ్ళిపోతున్నాడు...

కమలాక్షి వెనకాలే పరుగెత్తింది. పెట్టె పట్టుకుంది. వాడు ఆమె చెయ్యి మెల్లగానే విడిపించాడు, కానీ వరండాలో కుర్చీలో కూర్చున్న అన్నగారి వైపు చూసిన చూపులో మాత్రం నిప్పులు కురిశాయి.

"కాలేజీని అమ్ముకున్న మనిషితో ఒక ఇంట్లో నానుండలేను ఒదినా. హాస్టలుకి పోతన్నాను."

జయరామ్ తలెత్తలేదు. ఆ జట్టుకు కోచ్ ఆయనే. తమ్ముడికి బంతి పట్టడం నేర్పినదీ ఆయనే. కమలాక్షి నోరు తెరవబోయింది... నిజం ఆమె గొంతులోనే ఉంది... కానీ భర్త ఆమె వైపు ఒక్క చూపు చూశాడు. నోరెత్తకు అని ఆ చూపుకు అర్థం. ఆమె గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

ఏమిటా నిజం అంటారా? అది తెలియాలంటే ముందు రోజు మధ్యాహ్నం సంగతి చెప్పాలి.

మలయాకు స్వాతంత్ర్యం వచ్చే మెర్డేకా రోజుకు ఇంకా రెండు వారాలే ఉంది. తెల్లదొరలు జెండా దించి వెళ్ళిపోతున్నారని ఇపో పట్నమంతా తోరణాలు కట్టుకుని సింగారించుకుంది. ఆ సంబరాల్లో భాగంగానే బాస్కెట్‌బాల్ పోటీలు పెట్టారు. కాలేజీ జట్టు ఫైనలుకు వచ్చింది. రాకేం చేస్తుంది? సొంత మైదానంలో ఆ జట్టు ఓడి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తు లేదు. ఎస్టేటు గుమాస్తా కొడుకైన జయరామ్, చిన్నప్పుడు చీనా స్నేహితుల దగ్గర ఈ ఆట నేర్చుకుని, మన వాళ్ళంతా ఫుట్‌బాల్ వెనక పడుతుంటే తను మాత్రం దీన్నే పట్టుకుని వేలాడిన మనిషి. ఊరు ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. కాఫీ కొట్టుకు వెళితే కుర్చీలో ఉన్నవాళ్ళు లేచి చోటిచ్చేవారు.

మ్యాచ్ ఉన్న రోజున జట్టంతా కోచ్ ఇంట్లోనే భోజనం చెయ్యడం ఆనవాయితీ. అది కమలాక్షి పెట్టిన ఆనవాయితీయే. చీనా పిల్లలు, మలాయి పిల్లలు, అరవ పిల్లలు, తెలుగు పిల్లలు వరసగా అరిటాకుల ముందు కూర్చునేవారు. మలాయి పిల్లలకు ఇబ్బంది రాకూడదని మాంసం జోలికి పోకుండా ములక్కాడ పప్పు, నెత్తళ్ళ వేపుడు, రసం, మజ్జిగ. "ఒదినా రసం, ఒదినా నెత్తళ్ళు" అని కన్నబాబును చూసి అందరూ ఒదినా అనేవారు. పిల్లలు లేని ఆ ఇంట్లో కమలాక్షి మొహాన నవ్వు చూడాలంటే ఆ రోజునే చూడాలి! మిగతా రోజుల్లో ఏముంది? అన్నదమ్ములిద్దరూ తెల్లారి లేస్తే మైదానంలో ఉంటారు. ఆమె, ఆమె వంటగది, మధ్యాహ్నమంతా బంతి నేల మీద కొట్టుకునే చప్పుడు... అంతే.

ఆ రోజు కూడా వండింది. ఆకులు పరిచింది. నీళ్ళు పెట్టింది. ఎవరూ రాలేదు. మెర్డేకా పోటీలు కదా అని పెద్దమనుషుల్ని పిలిచి, ప్రిన్సిపాలు జట్టుకు కాలేజీ హాల్లోనే విందు పెట్టించాడు. ఆ ముక్క ఆమెకు ఎవరూ చెప్పలేదు. తమ్ముడు చెప్పి ఉంటాడులే అని అన్న, అన్న చెప్పి ఉంటాడులే అని తమ్ముడు! మగవాళ్ళ సంగతి మనకు తెలియనిదా? వండేదాన్ని ఒకర్తెను గుర్తు పెట్టుకోవాలని ఎవరికి తోస్తుంది? పక్కింటి విజయలెచ్చుమి గోడ మీంచి చెప్పేదాకా ఆమె గేటు దగ్గరే నిలబడి ఉంది. లోపలికి వచ్చి ఆ గుండిగ నిండా అన్నం చూసేసరికి ఆమె కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

సరిగ్గా అప్పుడే ఒక లారీ వచ్చి ఇంటి ఎదురుగా చెట్టు నీడన ఆగింది. అందులోంచి దిగినవాళ్ళు చీనా కుర్రాళ్ళు. సుంగై సిపుట్ వైపు కొత్త ఊరి జట్టు, ఆ సాయంత్రం ఫైనలు ఆడబోయే ఎదుటి జట్టు. కొత్త ఊళ్ళంటే ఏమిటో, కమ్యూనిస్టుల మీద దొరలు ఎమర్జెన్సీ పెట్టిన ఆ రోజుల్లో అందరికీ తెలుసు. అడవిలో దాగిన తిరుగుబాటుదార్లకు ఒక్క గింజ చేరకూడదని, అడవి అంచున బతికే చీనా కుటుంబాలన్నింటినీ తెచ్చి ముళ్ళకంచె లోపల పెట్టిన ఊళ్ళవి. పొద్దున్న గేటు దాటేవాడి ఒళ్ళంతా తడిమి చూస్తారు. బిస్కెట్టు ముక్కయినా బయటికి రానివ్వరు. ఆ కుర్రాళ్ళు తెల్లారగట్ల బయల్దేరారు, దారిలో సోదాల దగ్గర పొద్దంతా పోయింది. కుళాయి దగ్గర దోసిళ్ళతో నీళ్ళు తాగి చెట్టు మొదట్లో చతికిలబడ్డారు. ఒకడు కడుపు పట్టుకుని మోకాళ్ళ మీద తల వాల్చేశాడు. కన్నబాబు కంటే చిన్నవాడు.

కమలాక్షి గేటు దగ్గరికి వచ్చి చూసింది. వాళ్ళెవరో తెలుసు. ఎవరి మీద ఆడబోతున్నారో తెలుసు. అయినా గేటు తెరిచి, "మారీ, మారీ" అని తనకు వచ్చిన మలాయిలో రమ్మని పిలిచింది. వాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని సందేహిస్తూ వచ్చారు. ఆకుల ముందు కూర్చోబెట్టింది. చేత్తో తినడం రాక అన్నం చొక్కాల మీద పోసుకున్నారు, రసం గ్లాసుల్లో పోస్తే గటగటా తాగి ఇంకా కావాలని సైగ చేశారు. ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. గుండిగ అడుగంటేదాకా కొసరి కొసరి వడ్డించింది. వాళ్ళు మూతులు తుడుచుకుంటూ బయటికి వస్తుంటే రామదాసు చూశాడు. విజయలెచ్చుమి మొగుడు, కాలేజీ గుమాస్తా, డప్పు కట్టుకుని మరీ కాలేజీ జట్టుకు కేకలు వేయించే అభిమానుల నాయకుడు.

ఇంకేముంది... కాలేజీ ఓడిపోయింది! ఒకే ఒక్క బుట్టతో ఓడిపోయింది. హాల్లో బిరియానీలూ కేకులూ మెక్కివచ్చిన మనవాళ్ళు సగం ఆటకే రొప్పుతుంటే, ఆ బక్కపిల్లలు గాలిలా తిరిగారు. జయరామ్ అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. చివర్లో కన్నబాబు విసిరిన బంతి రింగు మీద తిరిగి తిరిగి బయటికి పడింది. మైదానం నిశ్శబ్దమైపోయింది. ఆ తర్వాత మొదలయ్యాయి కేకలు! నిన్నటిదాకా దేవుడన్నవాళ్ళే "కోచ్ దిగిపో" అని ఎలుగెత్తారు. నీళ్ళసీసాలు విసిరారు. రామదాసు బల్లెక్కాడు.

"ఆళ్ళు కోచ్ ఇంట్లో తిని ఒచ్చినోళ్ళు! మనోళ్ళని ఓడించకేటి సేస్తారు? ముళ్ళకంచె ఊరోళ్ళకి అన్నం పెట్టడమంటే ఏటో పోలీసులనే అడగండి."

ఆ మాట వినేసరికి కంచె దగ్గర ఆడవాళ్ళ మధ్య నిలబడ్డ కమలాక్షి భర్త వైపు చూసింది. జయరామ్‌కు ఆ సంగతే తెలియదు! కానీ ఆయన భార్య మొహం ఒక్కసారి చూశాడు, అంతా అర్థమైపోయింది. ఎవరు పెట్టమన్నారని నాలుగు వైపుల నుంచీ నిలదీస్తుంటే, ఆయన బొంగురుపోయిన గొంతుతోనే నెమ్మదిగా చెప్పాడు.

"నానే పెట్టమన్నాను. మా ఆవిడ నా మాట విన్నది, అంతే."

కన్నబాబు ఆ మాట విన్నాడు. మర్నాడు అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయని చెప్పను తల్లీ! పోలీసులు ఒకసారి వచ్చి, ఆ కుర్రాళ్ళు ఒక్క మెతుకూ వెంట తీసుకెళ్ళలేదని తెలుసుకుని వెళ్ళిపోయారు. ఊరే వదల్లేదు. గేటుకు పాత చెప్పులు కట్టారు. కుళాయి దగ్గరికి కమలాక్షి వెళితే అక్కడి మాటలు టక్కున ఆగిపోయేవి. రోజూ గోడ మీంచి కరివేపాకు అందుకునే విజయలెచ్చుమి కిటికీ మూసేసింది. గొడవ సద్దుమణిగేదాకా విజిల్ ఇచ్చెయ్యమని ప్రిన్సిపాలు జయరామ్‌ను అడిగాడు, ఆయన మెడలోంచి తీసి బల్ల మీద పెట్టి వచ్చాడు. ఎవరేమన్నా ఆయన పడ్డాడు. ఒక్కటే పడలేకపోయాడు. తమ్ముడు రోడ్డు మీద ఎదురైతే అవతలి వైపుకు దాటిపోతున్నాడు. కమలాక్షి హాస్టలుకు పంపిన క్యారియరు మూత తియ్యకుండానే తిరిగొచ్చేది. ఒక సాయంత్రం పెరట్లో గోడ వైపు తిరిగి నిలబడ్డ భర్త భుజాలు ఎగిసెగిసి పడడం ఆమె చూసింది. ఎప్పుడూ కంట నీరు పెట్టని మనిషి!

తప్పు తనది, శిక్ష ఆయనది. నిజం చెబితే? కన్నబాబు అన్నకు దగ్గరవుతాడు... కానీ తనకు? ఈ లోకంలో కన్నకొడుకులా ఒదినా అని పిలిచే ఆ ఒక్క నోరూ మూగబోతే తనకింకేం మిగులుతుంది? ఆ భయంతోనే ఆమె ఇన్నాళ్ళూ భర్త చూపును సాకుగా పెట్టుకుని ఊరుకుంది. ఇక ఊరుకోలేకపోయింది.

మెర్డేకా రోజు. పొద్దున్నే ఊరంతా పాడాంగు మైదానానికి వెళ్ళి కొత్త జెండా ఎగరడం చూసి వచ్చింది. జయరామ్ ఇల్లు కదల్లేదు. మధ్యాహ్నం కాలేజీ బాస్కెట్‌బాల్ కోర్టులో కుర్రాళ్ళు తోరణాలు కడుతున్నారని తెలిసి కమలాక్షి ఒక్కర్తే బయల్దేరింది. చెప్పులు కంచె దగ్గర విడిచి కోర్టు మధ్యకు నడిచింది. ఏనాడూ ఆ గీత దాటి లోపలికి రాని ఆడమనిషి అలా వస్తుంటే అందరూ పని ఆపేశారు. రామదాసు కూడా అక్కడే ఉన్నాడు. కన్నబాబు నిచ్చెన దిగాడు.

"కన్నా... ఆ పిల్లలకి అన్నం పెట్టింది నాను. మీ అన్నకి తెలీదు."

వాడు చేతిలోని తోరణం వదిలేశాడు.

"మీరొస్తారని వండినాను. మీరు రానేదు. ఆకలితో ఎదురుగా కూకున్నారు, పిలిసినాను. నా మీద మాట రాకూడదని ఆయన తన మీదేసుకున్నారు."

"మా మీద ఆడేది ఆళ్ళే అని తెలీదా నీకు?"

"తెలుసు. తెలిసే పెట్టినాను."

కన్నబాబు ఒక అడుగు ముందుకు వేశాడు. వాళ్ళు మళ్ళీ అలాగే వచ్చి కూర్చుంటే మళ్ళీ పెడతావా అని అడిగాడు. లేదు అని ఒక్క మాట అంటే చాలు! పొరపాటైపోయింది బాబూ అంటే చాలు, వాడు చెయ్యి పట్టుకునేవాడేమో... కమలాక్షికి అది తెలుసు. కానీ మోకాళ్ళ మీద తల వాల్చిన ఆ బక్కవాడు కళ్ళ ముందు మెదిలాడు.

"పెడతాను" అంది.

వాడు గిరుక్కున తిరిగి ఇంటి వైపు పరుగెత్తాడు. రామదాసు ఏదో అనబోయి, మొహం తిప్పుకుని తోరణం ముడి వేసుకోసాగాడు. ఆమె చెప్పులు తొడుక్కుని నెమ్మదిగా నడిచింది. ఇల్లు చేరేసరికి వరండాలో కన్నబాబు అన్నగారి కాళ్ళు పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు, జయరామ్ వాడి తల నిమురుతున్నాడు. ఎన్నాళ్ళకు చూసింది ఆ దృశ్యం! ఆ ఇద్దరి మధ్యకు వెళ్ళబుద్ధి కాలేదు ఆమెకు. చుట్టూ తిరిగి పెరటి గుమ్మంలోంచి వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించింది.

ఆ రోజు నుంచి కన్నబాబు ఇంటికొచ్చేశాడు. జయరామ్ మెడలోకి విజిల్ మళ్ళీ వచ్చింది. రామదాసే వచ్చి చేతులు పట్టుకున్నాడు. ఊరి కోపమంతా ఇప్పుడు ఆడదాని తెలివితక్కువతనం మీదికి మళ్ళింది. మ్యాచ్ రోజు భోజనాలు కాలేజీ హాలుకు మారిపోయాయి. విజయలెచ్చుమి కిటికీ తెరుచుకోలేదు. కన్నబాబు... కన్నబాబు ఆమెతో మాట్లాడడం లేదు. జయరామ్ ఒకటి రెండుసార్లు వాణ్ణి కూర్చోబెట్టి చెప్పబోతే కమలాక్షే వద్దని వారించింది. మనసులో లేని మాట తెచ్చి పెట్టుకుని పలికితే తనకు మరీ కష్టమంది. అన్నగారు వడ్డిస్తే తింటాడు, లేచిపోతాడు. ఆమె వంటింటి తలుపు చాటున నిలబడి అన్నదమ్ములు ఆట గురించి వాదించుకోవడం వింటుంది. పోనీలే, ఇద్దరూ కలిశారు, అదే పదివేలు అని సరిపెట్టుకుంది. తను తర్వాతెప్పుడో ఇంత తిని, గిన్నెలు కడుక్కుని పడుకునేది.

దీపావళి ముందు ఒక మధ్యాహ్నం. వాన దంచి కొడుతోంది. జయరామ్ తమ్ముడికి అన్నం వడ్డించి పప్పు గిన్నె అందుకున్నాడు. తలుపు చాటున ఒదిన చీర అంచు కంటబడి, కన్నబాబు చెయ్యి అడ్డం పెట్టాడు.

"అన్నయ్యా, ఒదిన తిన్నదా?"

జయరామ్ గరిటె గిన్నెలో పెట్టేసి వంటింటి వైపు చూశాడు. ఆయనకు తెలియదు. ఆమె ఎప్పుడు తింటుందో, ఎక్కడ కూర్చుని తింటుందో, ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఎన్నడూ చూడలేదు. తలుపు చాటున కమలాక్షి కొంగు నోట్లో కుక్కుకుంది.

కన్నబాబు ఇక అన్నను అడగలేదు. లేచి, గోడకు ఆనించి ఉన్న కంచం ఒకటి తీసి తన ఎదురుగా పెట్టాడు. గుండిగలోంచి తనే అన్నం వడ్డించాడు. వడ్డించడం చేతకాక సగం నేల మీద పోశాడు. పప్పు పోశాడు, నెత్తళ్ళు వేశాడు. వేసి, తలుపు వైపు చూడకుండానే అన్నాడు.

"రా ఒదినా. సల్లారిపోతాది."

కమలాక్షి కళ్ళు తుడుచుకుని వచ్చి కూర్చుంది.