మేజర్ పెల్హామ్ ఇంట్లో విందు

కారు తలుపు ఇంకా పూర్తిగా మూసుకోలేదు.

“పోనియ్, రేణూ.”

“ఇప్పుడే కదా నాన్నా పార్క్ చేశాను? డిన్నర్ సంగతేంటి?”

“పోనియ్యమ్మా.”

ఆ గొంతు విన్నాక రేణు గేరు వేస్తుంది. ఓల్డ్స్‌మొబైల్ వెనక చక్రాలు మంచులో గిర్రున తిరుగుతాయి... జారతాయి... నేలను పట్టుకుంటాయి. కారు ఒక్క ఉదుటున గేటు దాటుతుంది.

డాక్టర్ ఆదిశేషు వెనక్కి తిరిగి చూస్తాడు.

గడ్డకట్టిన సరస్సు ఒడ్డున పెద్ద ఇల్లు. మెట్ల మీంచి ఎవరో పరుగున దిగుతున్నారు.

మరుక్షణం... రెండు హెడ్‌లైట్లు!

“ఎవరో ఫాలో అవుతున్నారు,” అంటుంది రేణు.

“మేజర్ డ్రైవర్. మనల్ని ఆపడానికి.”

“వై?”

ఎక్కడ మొదలుపెట్టాలో ఆయనకు తెలియదు.

రెండు నిమిషాల క్రితం హాల్లో కోటు విప్పుతుంటే పక్కగది తలుపు తెరుచుకుంది. ఒక్క క్షణమే. లోపల ఒక మనిషి. నెరిసిన గడ్డం. సగం తెగిన ఎడమ చెవి. ఆ చెవికి ఒకప్పుడు కుట్లు వేసింది తనే.

ఇస్కందర్ ఖాన్!

ఇంకాసేపట్లో అదే ఇంటికి విందుకు వస్తున్నవాడు బహ్రామ్ ఖాన్. ఇద్దరూ అన్నదమ్ముల బిడ్డలు. ఇస్కందర్ తండ్రి ఇంట్లోనే బహ్రామ్ తండ్రి హతమయ్యాడు. అలాంటి ఇద్దరిలో ఒకడిని విందుకు పిలిచి, రెండోవాణ్ణి మేజర్ పక్కగదిలో దాచాడంటే ఆ వంటింట్లో ఏం ఉడుకుతోందో ఆదిశేషుకి ఒకరు చెప్పక్కర్లేదు. హాస్పిటల్‌లో అర్జంటు కేసు మరిచానని ఏదో గొణిగి బయటపడ్డాడు.

మేజర్ పెల్హామ్ నవ్వుతూనే ఉన్నాడు. ఇన్నేళ్ళయినా ఆ నవ్వు మారలేదు. దంతాలు మాత్రమే మారాయి.

వెనక లైట్లు దగ్గరవుతున్నాయి.

“చెప్పు నాన్నా. నాకు తెలియాలి కదా, ఎందుకు పారిపోతున్నామో.”

ఆదిశేషు చెబుతాడు. ముక్కలు ముక్కలుగా.

రెండో ప్రపంచయుద్ధ కాలం. విశాఖలో చదువు ముగించిన వెంటనే బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో డాక్టర్‌గా చేరితే దక్షిణ పర్షియా కొండల్లో పడేశారు. కింద రోడ్డు మీద రష్యాకి సామాను మోసే లారీలు. పైన కొండల్లో జర్‌కూహీ తెగ. ఆ తెగ పెద్ద సొహ్రాబ్ ఖాన్, బహ్రామ్ తండ్రి. తన గుడారంలో ఒక జర్మన్ గూఢచారికి ఆశ్రయం ఇచ్చాడు. ఇంగ్లీషువాళ్ళకి ఆ జర్మన్ కావాలి. ముందు విమానాలు పంపారు. కొండలు లొంగలేదు.

అప్పుడు పెల్హామ్‌ని పంపారు.

విమానాలే నయం. అవి వచ్చేముందు చప్పుడు చేస్తాయి. పెల్హామ్ బూట్లు విప్పి గుడారంలోకి వచ్చాడు. ఫార్సీలో పద్యాలు చదివాడు. ఖాన్ పళ్ళెంలోంచే అన్నం తిన్నాడు. జర్మన్‌ని అప్పగిస్తే మీ జోలికీ మీ కొండల జోలికీ ఎవరూ రారని ఒట్టేశాడు. తెగలో పిల్లల జ్వరాలు తగ్గించిన డాక్టర్‌ని పక్కన కూర్చోబెట్టుకున్నది కూడా అందుకే. డాక్టర్ ముఖం చూసి నమ్ముతారని.

నమ్మారు.

అతిథిని పట్టిచ్చిన ఖాన్ మళ్ళీ తలెత్తి ఎవరి ముఖమూ చూడలేదు. చూసే అవకాశం కూడా రాలేదు. ఆ వారంలోనే పెల్హామ్ పంపిన తుపాకులు ఖాన్ తమ్ముడికి, అంటే ఇస్కందర్ తండ్రికి, చేరాయి. తమ్ముడింట్లో భోజనానికి కూర్చున్న ఖాన్ లేవలేదు. ఇరవయ్యేళ్ల బహ్రామ్‌ని అంబులెన్స్‌లో స్ట్రెచర్ కింద పడుకోబెట్టి షిరాజ్ దాటించింది ఆదిశేషే.

పెల్హామ్‌కి మెడల్ వచ్చింది.

“అదే మనిషా టీవీలో వచ్చేది?” రేణు గొంతులో నమ్మలేనితనం.

అదే మనిషి. టెహ్రాన్‌లో అమెరికన్లని బందీలుగా పట్టుకున్నప్పటినుంచీ ప్రతి చానెల్‌కీ ఒక పర్షియా నిపుణుడు కావాలి. సాయంత్రం కాగానే ట్వీడ్ కోటు వేసుకుని పెల్హామ్ దిగుతాడు. వాళ్ళకి అర్థమయ్యేవి రెండే రెండు, పొగడ్త, తుపాకీ అంటాడు. ఆదిశేషు టీవీ కట్టేస్తాడు. పెంటకుప్ప మీద ఎంత ఖరీదైన సెంటు చల్లినా ఈగలకు తెలుస్తుంది. టీవీవాళ్ళకే తెలియదు.

దేశం విడిచి అమెరికా వచ్చి డియర్‌బోర్న్ ఊళ్ళో ఒక మోటెల్‌లో తలదాచుకుంటున్న బహ్రామ్‌కి ఇప్పుడు అదే పెల్హామ్ కబురు పెట్టాడు. అమెరికావాళ్ళ చేత ఆయుధాలు ఇప్పిస్తాను, సంతకం పెట్టు, వెళ్ళి నీ కొండలు ఏలుకో. పాత స్నేహితుడని డాక్టర్‌నీ పిలిచాడు. బహ్రామ్‌ని వెళ్ళొద్దని ఎంత చెప్పినా వినకపోతే, కనీసం పక్కన కూర్చుందామని ఆదిశేషు ఒప్పుకున్నాడు.

ధడ్!

వెనక బంపర్‌కి దెబ్బ. ఆదిశేషు తల డాష్‌బోర్డ్‌కి తగులుతుంది.

“హోల్డ్ ఆన్, నాన్నా!”

మలుపు. రేణు లైట్లు ఆపేస్తుంది. స్టీరింగ్ ఒక్కసారిగా కుడికి... కారు పక్కదారిలోకి జారుతుంది. శీతాకాలానికి మూసేసిన సైడర్ మిల్లు, ఆపిల్ రసం తీసేది. దాని గోదాం వెనక ఆగుతుంది. రేణు ఇంజిన్ కూడా ఆపేస్తుంది.

చీకటి. ఇద్దరి ఊపిరీ తెల్లగా.

డ్రైవర్ కారు వేగంగా ముందుకు సాగిపోతుంది.

రేణు చేతులు ఇంకా స్టీరింగ్‌నే పట్టుకుని ఉన్నాయి. ఆదిశేషు ఆ చేతుల మీద తన చెయ్యి వేస్తాడు.

“ఎక్కడ నేర్చుకున్నావే?”

“మిషిగన్ వింటర్స్, నాన్నా.”

రోడ్డు చివర గ్యాస్ స్టేషన్. ఫోన్ బూత్. మోటెల్‌కి చేస్తే బహ్రామ్ ఖాన్ బయల్దేరి చాలాసేపయిందంటారు. ఆ ఇంటికి దారి ఇదొక్కటే. ఆదిశేషు ఓవర్‌కోటు బిగించి రోడ్డు మధ్యలో నిలబడతాడు.

దూరంగా లైట్లు.

డ్రైవరే తిరిగి వస్తున్నాడేమో!

బ్రేకులు కీచుమంటాయి. పాత పింటో కారు ఆయన మోకాళ్ళకి జానెడు దూరంలో ఆగుతుంది. దిగినవాడు బహ్రామ్. పొడవాటి మనిషి, కొద్దిగా వంగిన భుజాలు.

ఆదిశేషు గబగబా చెప్పేస్తాడు. పక్కగది తలుపు తెరుచుకుంటే చూశాను, ఇస్కందర్ లోపల ఉన్నాడు. మేజర్ మళ్ళీ అదే ఆట. వెనక్కి తిరిగిపో.

బహ్రామ్ ఆశ్చర్యపోడు.

“తెలుసు డాక్టర్. తలుపు తీసి నీకు కనబడింది ఇస్కందరే. కావాలనే, ముందే అనుకున్నాం. నువ్వు అక్కడ ఉండకూడదని.”



ఇస్కందరే తన దగ్గరికి వచ్చాడని బహ్రామ్ చెబుతాడు. తండ్రి చేసిన పనికి ఏడ్చాడట. పెల్హామ్ వాళ్ళిద్దరికీ విడివిడిగా ఒకే మాట ఇచ్చాడు, రెండోవాడి అడ్డు తొలగించి తెగని నీకే అప్పగిస్తానని. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర నిలబడి, ఒకేసారి, వాడి ముఖం మీద ఉమ్మేసి రావాలనుకున్నారు. అంతే.

“చంపడానికి కాదా?”

“చంపాలంటే వాడు మనిషై ఉండాలి కదా.”

ఇంతలో ఆదిశేషుకి ఆ హాలు మళ్ళీ కళ్ళముందుకొస్తుంది. తలుపు తెరిచినప్పుడు తను ఇస్కందర్‌ని చూశాడు. తన వెనకే నిలబడ్డ పెల్హామ్... ఇస్కందర్ కావాలనే తలుపు తీయడం చూశాడు! అందుకే నవ్వుతూ తనను పోనిచ్చాడు. తను బహ్రామ్‌ని కలవకుండా డ్రైవర్‌ని వెనక పంపాడు.

లోపల ఇస్కందర్ ఒంటరిగా ఉన్నాడు.

“రేణూ, వెనక్కి తిప్పు.”

ముగ్గురూ వెళ్ళేసరికి ముందు తలుపు తెరిచే ఉంది.

డైనింగ్ రూమ్‌లో వెండి కొవ్వొత్తి స్టాండ్లు. పొగలు కక్కుతున్న సూప్. పెల్హామ్ మెడలో నాప్‌కిన్ కట్టుకుని, స్పూను చప్పుడు కాకుండా తాగుతున్నాడు. పళ్ళెం పక్కన పిస్తోలు.

కార్పెట్ మీద ఇస్కందర్. పొట్ట పట్టుకుని. వేళ్ళ మధ్య నెత్తురు.

ఆదిశేషు మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులతో గాయాన్ని అదుముతాడు. నాడి ఉంది. పలచగా... కానీ ఉంది.

“అంబులెన్స్, రేణూ.”

రేణు హాల్లోని ఫోన్ వైపు పరిగెడుతుంది.

పెల్హామ్ అడ్డుపడడు. తొందర కూడా లేదు. ఆయుధంతో ఒక ఇరానీ తన ఇంట్లో చొరబడ్డాడనీ, బందీల గొడవ నడుస్తున్న ఈ నెలల్లో ఈ దేశపు పోలీసులకి అంతకంటే ఎక్కువ చెప్పక్కర్లేదనీ తీరిగ్గా వివరిస్తాడు. తర్వాత బహ్రామ్ వైపు తిరుగుతాడు.

“కుర్చీ ఒకటే, ఖాన్. ఇద్దరితో ఎలాగూ ఒప్పందం కుదరదు. ఇప్పుడు లెక్క సరిపోయింది. కూర్చో, సంతకం పెట్టు. నీ తండ్రి బతికుంటే నీకంటే తెలివిగా ప్రవర్తించేవాడు.”

బల్ల మీద కాగితం. దాని మీద బంగారు పెన్ను.

బహ్రామ్ నేల మీది ఇస్కందర్ వైపు చూస్తాడు. ఇస్కందర్ పెదవులు కదులుతాయి. ఏదో చెప్పబోతాడు. చెప్పలేడు.

“అంబులెన్స్ వచ్చేలోపు అయిపోతాడు,” అంటాడు పెల్హామ్. “డాక్టర్, నీ చేతులు తీస్తే ఇంకా తొందరగా. అందరికీ మంచిది.”

ఆదిశేషు చేతులు తీయడు.  అలాంటి నోటికి జవాబివ్వడం కూడా మర్యాదే.

బహ్రామ్ నెమ్మదిగా బల్ల దగ్గరికి నడుస్తాడు. కుర్చీ లాక్కుంటాడు. పెన్ను తీసుకుంటాడు!

ఆదిశేషు చూపు ఆ పెన్ను మీదే. ఇందుకేనా స్ట్రెచర్ కింద దాచి మోసింది? కొండల కోసం... నాలుగు తుపాకుల కోసం... వీడు కూడానా?

“శభాష్,” అంటాడు పెల్హామ్. లేచి, వైన్ పోయడానికి అల్మైరా వైపు తిరుగుతాడు.

పిస్తోలు బల్ల మీదే ఉంది.

ఖాన్‌లకి వీపు చూపించకూడదన్న ఆలోచన ఆ మనిషికి ఏనాడూ రాలేదు. వాళ్ళు అమ్ముడుపోతారు, లేదా ఒకరినొకరు చంపుకుంటారు. మూడో పని కూడా చేయగలరని అనుకోవాలంటే, ముందు వాళ్ళని మనుషులనుకోవాలి.

పెన్ను కింద పడుతుంది.

ఢాం!

వైన్ సీసా పగిలిన చప్పుడు. అల్మైరా అంచు పట్టుకుని పెల్హామ్ మెల్లగా జారి కూర్చుంటాడు. తెల్లటి నాప్‌కిన్ మీద ఎర్రటి మరక. వైనో నెత్తురో తెలియడం లేదు. ముఖంలో నొప్పికంటే ముందు ఆశ్చర్యం.

“డాక్టర్...” ఆ గొంతు మొదటిసారి సన్నబడింది. “డాక్టర్, ఇటు...”

రేణు గుమ్మంలో నిలబడి ఉంది. ముఖం పాలిపోయింది. దూరంగా సైరన్ మొదలైంది. బహ్రామ్ పిస్తోలు బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని, పోలీసుల కోసం నిలబడ్డాడు.

“నాన్నా... ఆయనకి కూడా బ్లీడ్ అవుతోంది.”

ఆదిశేషు తలెత్తి చూడడు. రెండు చేతులూ ఇస్కందర్ గాయం మీదే ఉన్నాయి. వేళ్ళ కింద నాడి ఇంకా కొట్టుకుంటోంది.

“చూస్తానమ్మా,” అంటాడు. “ముందు ఇతను.”