హేచరీ పాట ఎవరిది?

మైపాడు దారిలో మూతపడ్డ రొయ్యపిల్లల హేచరీ ఒకటుంది. చీకటి పడ్డాక దాని పక్కగా పోయినవాడు ఇంటికి ఊరికే చేరడు, నోట్లో ఏదో కూనిరాగంతో చేరతాడంటారు. వెనకటికి అందులో పిచ్చమ్మ అనే ఆమె రాత్రిళ్లు రొయ్యపిల్లలకు మేత వేస్తూ పాడుకునేదట. ఒక రాత్రి పాట సగంలో ఉండగానే తొట్టి పక్కన కూలిపోయి, ప్రాణం వదిలింది. అప్పటినుంచీ... అని ఆపేస్తారు, ఎవరిని అడిగినా.

నాకీ సంగతి చెప్పింది రెజీనక్క. వాళ్లాయన టైటస్ ఏటా చర్చిలో క్రిస్మస్‌కి కొత్త పాట కడతాడు. "రచన, స్వరం: సహోదరుడు టైటస్" అని పాస్టర్‌గారు మైకులో చెప్పే ఆ ఒక్క మాట కోసమే ఏడాదంతా బతుకుతాడాయన.

పోయినేడు దానికే ఎసరొచ్చింది. క్వయిర్ నడిపే షారన్ ఫోనులో ఏఐకి నాలుగు మాటలు కొట్టి, టీ చల్లారేలోగా పాట చేసేయడం మొదలుపెట్టింది. టైటస్‌కి ఒళ్లు మండిపోయింది.

"అది పాటా? పదిళ్లల్లో అడుక్కొచ్చిన అన్నం!"

తీరా తను హార్మోనియం ముందు కూర్చుంటే, వచ్చిందల్లా ఎక్కడో విన్నదే. "ఇది పోయినేటిదే కదా" అని రెజీనక్క అన్నందుకు ఆ పూట అన్నం మానేశాడు.

అలాంటిది, ఒక సాయంత్రం చీకటి పడుతుండగా మైపాడు నుంచి వస్తుంటే దారిలో దొరికింది ట్యూను. ఎక్కడా విన్నది కాదు. ఎవరిదీ కాదు... తనదే!

కొత్త పాట క్రిస్మస్ రాత్రి దాకా బయటికి పొక్కకూడదని వాళ్ల చర్చిలో పట్టింపు. పక్క సంఘంవాళ్లు ఎత్తుకుపోతారని భయం. అందుకే సాధనకి, ఎవరూ తొంగిచూడని ఆ హేచరీకే పోయాడు.

గేటు దగ్గరే కాళ్లు ఆగిపోయినాయి.

లోపల... పాట. తన ట్యూనే! ఆడగొంతు, వెనక వయొలిన్లు...

ప్రార్థన గొణుక్కుంటూ తొంగిచూశాడు. ఎండిన తొట్టి గట్టుమీద షారన్, చేతిలో ఫోను. ఆ పిల్లదీ అదే భయం, అదే దాపు. దెయ్యం కాదని తెలిశాక టైటస్‌కి కోపం పొంగింది.

"నా ట్యూను యాడ దొంగిలించినావు?"

"మీదేంది అంకుల్? ఏఐ ఇచ్చింది. ఎవరూ విననిది ఇమ్మని కొట్టినా, అంతే. ఇంట్లో ఎన్నిసార్లు అడిగినా పాచివే ఇచ్చింది. ఇక్కడికొచ్చినాకే..." అని ఆగిపోయింది షారన్.

"ఆపు ముందు దాన్ని!"

ఆ పిల్ల ఫోను ఆపేసింది. వయొలిన్లు ఆగినాయి.

గొంతు ఆగలేదు.

చివరి తొట్టిలోంచి, తాపీగా, పని చేసుకుంటూ పాడుకునే గొంతు... షారన్ ఆయన చెయ్యి పట్టేసుకుంది. టైటస్‌కి భయంకన్నా ముందు ఏడుపొచ్చింది.

"మిషనుతోనే చస్తా ఉంటే నువ్వు కూడానా తల్లీ! ఒక్కటన్నా నాది అనేది ఉండనియ్యరా?"

గొంతు ఆగింది.

తర్వాత, చెవి పక్కనే —

"ఇంకో చరణం ఉండాది నాయనా... రాసుకో."

క్రిస్మస్ రాత్రి ఇద్దరూ కలిసి రెండు చరణాలూ పాడినారు. చర్చి అంతా కన్నీళ్లు పెట్టుకుంది. "ఎవరు కట్టినారీ పాట?" అని పాస్టర్‌గారు మైకు చాపితే షారన్ తలదించుకుంది. టైటస్ మైకు అందుకున్నాడు. ఎన్నాళ్లుగానో ఆ మాట కోసమే కొట్లాడినవాడు, మింగలేక కక్కలేక నిలబడి, చివరికి అన్నాడు.

"పిచ్చమ్మ."

ఆడవాళ్ల వైపు రెజీనక్క పక్కన చాప ఖాళీగా ఉందట.

అక్కడినుంచి "స్తోత్రం" అన్నారెవరో.