మంచు కరగని మూడో ట్రక్కు

“నన్నే ఎందుకు సార్?” అడిగాడు అమెరికా గూఢచారి సంస్థ ఏజెంట్ హరనాథ్.

చీఫ్ దామోదర్ తల ఎత్తలేదు. “ఇది అరటికాయల కేసు. నువ్వు గోదావరి జిల్లావాడివి.”

హరనాథ్‌కి ఒళ్లు మండింది. ట్రైనింగ్‌లో షూటింగ్‌లో ఫస్టు, రష్యన్‌లో ఫస్టు. తోటివాళ్లు బెర్లిన్‌లో స్పైల వెంట పడుతుంటే తనకి కిందటేడు మామిడిపళ్ల కేసు అంటగట్టారు. అప్పట్నుంచి ఆఫీసంతా ‘పళ్లాయన’ అనే పిలుస్తోంది. ఈ మిషన్‌తో ఆ పేరు చెరిగిపోవాలి.

బ్రీఫింగ్ చిన్నదే. గోధుమ పంటను మాడ్చేసే శిలీంధ్రం సీసా ఒకటి ల్యాబ్ నుంచి పోయింది. విదేశీ ముఠా దాన్ని అరటికాయల ట్రక్కులో డెట్రాయిట్ వంతెన మీదుగా కెనడాకి దాటిస్తోంది. అక్కడ పెంచి అమెరికా పొలాల మీద చల్లాలని వాళ్ల ప్లాను. వెచ్చబడితే శిలీంధ్రం చస్తుంది. ట్రక్కులు మూడు. కోర్టు ఆర్డరు మాత్రం ఒక్కటి తెరవడానికే.

“మూడూ తెరిస్తే?”

“చలికి సరుకు పాడైందని కంపెనీ మనమీద కేసు వేస్తుంది.”

1983 జనవరి. వంతెన దగ్గర ఎముకలు కొరికే చలి. ముఠాలో చేరి సంస్థకి సమాచారం పంపే రేణు ఫర్ కోటులో ఎదురొచ్చింది.

“ఈ చలిలో అరటి పండుతుందా?” హరనాథ్ కోడ్ చెప్పాడు.

“గ్లాస్‌హౌస్ ఉంటే పండుతుంది.” చుట్టూ చూసింది. “మొదటి ట్రక్ ఓపెన్ చేయించండి. నా కళ్లతో చూశాను.”

మొదటి రెండు ట్రక్కులకి గాలి ఆడే వెంట్ల నుంచి ఆవిరి వస్తోంది. మూడోదాని వెంట్ చుట్టూ మంచు గడ్డకట్టి ఉంది. అరటికాయకి చలి పడదు. మిషిగన్‌లో చలికాలం హీటర్ వేయకుండా అరటికాయలు తోలే డ్రైవరెవడు?

మూడో ట్రక్కు అప్పుడే గేటు దాకా వెళ్లిపోయింది. హరనాథ్ పరుగెత్తి ఆపించి, తలుపు తీయించి లోపలికెక్కాడు. ఆకుపచ్చగా ఉండాల్సిన కాయలు బూడిద రంగుకి తిరిగాయి. రెండో పెట్టె అడుగున సీసా దొరికింది.

వెనక క్లిక్‌మంది. కింద తలుపు దగ్గర రేణు, చేతిలో పిస్టల్.

“సారీ. నా అసలు బాస్ వంతెన అవతల వెయిట్ చేస్తున్నాడు. ఇలా ఇవ్వండి.”

హరనాథ్ జేబులోని మత్తు గ్యాస్ చిమ్మే పెన్ నొక్కాడు. అది గడ్డకట్టుకుపోయింది. ఆ పెన్ తయారుచేసినవాళ్లని కసితీరా తిట్టుకుంటూ చేతికందిన అరటికాయల అత్తం విసిరాడు. చలికి రాయిలా బిగిసిన కాయలు ఆమె మణికట్టుకి తగిలాయి. పిస్టల్ మంచులో పడింది. గార్డులు వచ్చి బేడీలు వేశారు.

చీఫ్ ఫోన్లో అడిగాడు. “ఎలా కనిపెట్టావయ్యా?”

హరనాథ్ వెంట్ల సంగతి చెప్పి ఆశగా ఆగాడు.

“చూశావా, ఇది నీకు తప్ప ఎవరికీ తట్టదు. నీ ఫైల్ మీద ఫ్రూట్ స్పెషలిస్ట్ అని పర్మనెంట్‌గా రాయించేశాను.”

ముఠా నుంచి అమెరికా గోధుమలన్నిటినీ కాపాడిన హరనాథ్, చీఫ్ నుంచి మాత్రం తనని తాను కాపాడుకోలేకపోయాడు.