చెలమ కుండ, మూడు కవచాలు

పిల్లలూ, గింజ నాటితే మొలకెత్తని రాజ్యాన్ని ఎప్పుడైనా ఊహించారా? మధురావతి రాజ్యానికి సరిగ్గా అలాంటి రోజులు దాపురించాయి. వాన కురిసేది, నేల తడిసేది, మడిలో చల్లిన విత్తనం మాత్రం రాయిలా పడి ఉండేది. ముద్గరుడనే రాక్షసుడు రాజ్యానికి ప్రాణమైన బీజమణిని ఎత్తుకుపోయి మెడలో వేసుకున్నాడు. వాడు చచ్చి, ఆ మణి నేలను తాకితే తప్ప ఈ పీడ వదలదు. గాదెల్లో మిగిలిన పాత గింజలతో రెండేళ్ళు ఎలాగో గడిచాయి. మూడో ఏడు గాదెల అడుగు కనిపించింది.

రాక్షసుడిని చంపడానికి ముగ్గురు బయలుదేరారు. ముందు నిలబడి దెబ్బలు కాచుకునేవాడు యువరాజు కంఠీరవుడు. వెనకనుంచి బాణాలు వేసేవాడు వేటగాడు సింగన్న. ఇద్దరి గాయాలూ మాన్పేది వైద్యులింటి పిల్ల వకుళ. కత్తి తిప్పినవాళ్ళ కథలు మీరు బోలెడు విని ఉంటారు. ఈసారికి కుండ పట్టుకున్న పిల్ల కథ వినండి, మీ సొమ్మేం పోదు.

వకుళ చంకలో ఒక చిన్న మట్టికుండ ఉండేది. దాని పేరు చెలమ కుండ. ఎండాకాలంలో ఏటి ఇసుకలో చెలమ తవ్వితే నీళ్ళెలా ఊరతాయి? మెల్లగా, దోసెడు దోసెడుగా. ఆ కుండలో మంత్రజలం అలాగే ఊరేది. గాయపడినవాడివైపు దోసెడు చిలకరిస్తే చాలు, గాయం మూసుకుపోయేది. ఊరినంతే వాడుకుంటే ఎన్నాళ్ళైనా తరగదు. ఒక్కసారిగా తోడేస్తే మాత్రం మళ్ళీ ఊరేదాకా ఆగాలి. ఆగకుండా ఇంకా తోడితే, పట్టుకున్న మనిషి ఆయువునే ఆ కుండ నీరుగా మార్చి ఇస్తుంది. వకుళ పెద్దమ్మ ముప్పై ఏళ్ళకే తల పండి, నడుం వంగి, ముసలిదైపోయింది అలాగే.

కీకారణ్యం నడుమ శంఖపాదుడనే ముని వారికి ఎదురయ్యాడు. వాళ్ళు వచ్చిన పని విని, గుహలోంచి మూడు కవచాలు తెచ్చి ముందు పెట్టాడు.

"ఇది గాలి కవచం. తొడుక్కుంటే పది దెబ్బల్లో తొమ్మిది తప్పిపోతాయి, పదోది పూర్తిగా తగులుతుంది. ఇది గజ కవచం. నీ ప్రాణం మూడింతలవుతుంది, ఒక్క దెబ్బకు చావవు. ఇదిగో, ఇది మొద్దు కవచం. ఏ దెబ్బా తప్పదు, కానీ ప్రతి దెబ్బా పావు వంతుకు తగ్గిపోతుంది. చూసి ఎంచుకో నాయనా! కవచం నీ ఒంటిమీదే ఉన్నా, దాని బరువు మోసేది వేరేవాళ్ళు" అన్నాడు ముని.

"మిగిలిన రెండూ మోసేది నేనేగా స్వామీ! నా నడుం నాకు తెలుసు" అని గొణిగాడు సింగన్న.

గాలి కవచం నెమలికంఠం రంగులో తళతళలాడుతోంది. మొద్దు కవచమా, ఎనుబోతు తోలూ ఇత్తడి రేకులూ కలిపి కుట్టిన గోనెసంచిలా ఉంది. మన యువరాజు ఏది తొడుక్కున్నాడో నేను చెప్పాలా!

అడవి దాటుతుండగా తోడేళ్ళ మూక వాళ్ళమీద పడింది. కంఠీరవుడు వాటి మధ్య గిరగిరా తిరిగాడు. కోరలన్నీ గాలినే కొరికాయి. ఎప్పుడో ఒక పన్ను దిగితే వకుళ దోసెడు చిలకరించేది. తోడేళ్ళు తోక ముడిచాక "చూశావా వకుళా! ఒంటిమీద గీత కూడా పడలేదు" అన్నాడు కంఠీరవుడు. వకుళ కూడా సంతోషంగా నవ్వింది.

ఆ మర్నాడు లోయ దారికి అడ్డంగా రాతి ఏనుగు నిలబడింది. అది తొండం విసిరింది, తప్పింది. మళ్ళీ విసిరింది, మళ్ళీ తప్పింది. సింగన్న ఈలలు వేస్తున్నాడు. వకుళ మాత్రం ప్రతి విసురూ లెక్కబెడుతోంది. తగిలే దెబ్బ ఏదో ముందుగా తెలియదు కదా! రెప్ప వేస్తే ఏమవుతుందోనని కుండలో చెయ్యి పెట్టుకుని బిగుసుకుని నిలబడింది. అప్పుడు తగిలింది. పక్కటెముకలు ఫెళ్ళుమన్నాయి, కంఠీరవుడు నెత్తురు కక్కుకుంటూ పడిపోయాడు. వకుళ కుండంతా ఒక్కసారిగా కుమ్మరించింది. చాలలేదు. ఖాళీ కుండలోకి మళ్ళీ చెయ్యి పెట్టింది.

యువరాజు లేచాడు. సింగన్న బాణం ఏనుగు కంట్లో దిగి, అది ముక్కలుగా రాలిపోయింది. కానీ వకుళ నేలమీద పడి ఉంది. పదహారేళ్ళ పిల్ల నుదుటిమీద జడపాయ ఒకటి తెల్లగా నెరిసిపోయింది.

"నా చెయ్యే ఆలస్యమైంది యువరాజా" అంది లేవగానే. చూశారా ఈ పిల్ల వరస! చల్లకొచ్చి ముంత దాచినట్టు, అడగాల్సినది కడుపులో దాచుకుని తప్పంతా తన నెత్తిన వేసుకుంది. యువరాజుతో "ఆ కవచం విప్పండి" అనడానికి ఆమెకు నోరు రాలేదు.

కంఠీరవుడు చెడ్డవాడు కాదు. ఆ తెల్ల పాయను చూసి అతని మనసు కలుక్కుమంది. "ఇక నీకు భయం వద్దు. ఒక్క దెబ్బకు నేను చావకుండా ఉంటే చాలు కదా!" అని తనంతట తానే నిర్ణయించేసుకుని గజ కవచం తొడుక్కున్నాడు. పాపం, మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. వకుళను ఒక్క మాట అడగాలని మాత్రం తోచలేదు.

కొండ కనుమలో నిప్పులు కక్కే కొండచిలువ ఎదురైంది. కంఠీరవుడు నిజంగానే పడిపోలేదు. కానీ పిల్లలూ, ప్రాణం మూడింతలైతే గాయమూ మూడింతలే. దోసెడు నీళ్ళకు నిండేది చెంబు, గాబు కాదు కదా! ఎంత చిలకరించినా అతని గాయాలు సగమే మానేవి. "నాకేం ఫర్వాలేదు, ఇంకా నిలబడే ఉన్నా" అని అతను అరుస్తూనే ఉన్నాడు. కొండచిలువ చచ్చేసరికి వకుళ జుట్టులో రెండో పాయ నెరిసింది.

ఇక సింగన్న ఉండబట్టలేకపోయాడు. విల్లు కింద పెట్టి యువరాజు ఎదుటికి వచ్చాడు.

"బాబూ, చిన్నవాణ్ణి, తప్పైతే క్షమించండి. మీరు మీ గాయాలే లెక్కెట్టుకుంటన్నారు. ఆ పిల్ల కుండ వంక ఒక్కసారైనా చూశారా? ఇట్టా ఇంకొక్క పోరాటమైతే మనం ఇద్దరమే తిరిగెళ్ళేది!"

కంఠీరవుడి ముఖం వాడిపోయింది. వెళ్ళి వకుళ ముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు.

"వకుళా, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు ఉన్నాను ఇన్నాళ్ళూ. నువ్వు చెప్పు. నేను ఏది తొడుక్కుంటే నీ చెయ్యి నిలుస్తుంది?"

వకుళ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ మాట ఎవరైనా అడుగుతారని ఆమె అనుకోనే లేదు.

"మొద్దుది తొడుక్కోండి యువరాజా. ప్రతి దెబ్బా తగులుతుంది. చాలా నొప్పి పుడుతుంది. కానీ ఎప్పుడు తగులుతుందో, ఎంత తగులుతుందో నాకు తెలుస్తుంది. అది తెలిస్తే నేను మిమ్మల్ని పోనివ్వను."

మర్నాడు మధ్యాహ్నం ముగ్గురూ ముద్గరుడి గుహలో అడుగుపెట్టారు. లోపల గాలి పొయ్యి ముందులా కాగిపోతోంది. తాటిచెట్టంత రాక్షసుడు ఇనప గద ఎత్తి, గోనెసంచిలాంటి కవచం చూసి పగలబడి నవ్వాడు.

"ఓరోరి! రాజుగారింట్లో బట్టలు కరువయ్యాయిరా? ఈ మూటను విప్పి చూస్తానుండు!"

గద పడింది. తగిలింది. కంఠీరవుడు పళ్ళు కొరుక్కుని నిలబడ్డాడు. వకుళ ఒక దోసెడు చిలకరించింది. గద మళ్ళీ పడింది, మళ్ళీ ఒక దోసెడు. రోట్లో ఒకరి రోకలి లేస్తే ఇంకొకరిది పడ్డట్టు, గద వెంట దోసెడు, దోసెడు వెంట గద. ఒక్కటీ తప్పడం లేదు. ప్రతి దెబ్బకూ కంఠీరవుడు మూలుగుతున్నాడు, అయినా కాలు వెనక్కి వెయ్యలేదు. వకుళ కుండలోకి చూసింది. తోడినంతా ఊరుతోంది!

ముద్గరుడి నవ్వు ఆగిపోయింది. "చావవేంరా! చావవేం!" అని రొప్పుతూ గద ఎత్తాడు. వాడి చెయ్యి అలిసి ఒక్క క్షణం పైనే ఆగింది. సింగన్న అంతకాలమూ దాచిన పొడవాటి బాణం ఆ చంకలోంచి గుండెలో దిగింది. రాక్షసుడు కొండ విరిగినట్టు కూలాడు. వాడి మెడలోని బీజమణి జారి నేలను తాకింది. అంతే, గుహ రాతిపగుళ్ళలోంచి పచ్చని గడ్డిపరకలు తలెత్తాయి.

సింగన్న గంతులేస్తున్నాడు. కంఠీరవుడు మాత్రం వెనక్కి తిరిగి వకుళ చేతులు చూశాడు. వేడికి కాలిన కుండను దించకుండా మోసి, అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి.

"అయ్యో! చెప్పలేదేం వకుళా?"

"మధ్యలో దించితే ఎలాగండీ?"

"కుండలో ఇంకా ఉన్నాయా నీళ్ళు?"

వకుళ చూసింది. నిండా ఉన్నాయి. ఆ నీళ్ళు తనకు వాడుకోవచ్చన్న సంగతే ఆమెకు ఇన్నాళ్ళూ తోచలేదు, ఎప్పుడూ మిగిలితేగా! కంఠీరవుడు తన దోసిలితో తోడి, మెల్లగా ఆమె చేతులమీద పోశాడు. బొబ్బలు చల్లారాయి. నెరిసిన పాయలు మాత్రం అలాగే ఉండిపోయాయి. పోయిన ఆయువును ఏ నీళ్ళూ తిరిగి తేలేవు. వాటిని చూసి అతను ఏడ్చాడు, వకుళ వద్దనలేదు.

వాళ్ళు తిరిగివచ్చేసరికి మధురావతి పొలాలన్నీ మొలకలతో పచ్చబడ్డాయి. రాజు ఎదురొచ్చి కొడుకును కౌగిలించుకున్నాడు. అర్ధ రాజ్యమిస్తానన్నాడు, ఏం కావాలో కోరుకోమన్నాడు. వకుళ ఒప్పుకుంటే ఆమెను పెళ్ళాడతానన్నాడు కంఠీరవుడు. నిండు సభలో అందరూ ఆమెవైపు తిరిగారు. వకుళ తల వంచుకుని సరేనంది.

"మరి పెళ్ళి ఊరేగింపుకి ఆ గోనెసంచేనా?" అని రాజు ముఖం చిట్లించాడు.

కంఠీరవుడు వకుళవైపు చూశాడు. "ఏమంటావు?"

"ఆ రోజు మెరిసేదే తొడుక్కోండి" అని నవ్వింది వకుళ. "ఆ ఒక్కరోజూ మీకు దెబ్బలు తగలవుగా!"

సభంతా గొల్లున నవ్వేసింది. అందరికంటే గట్టిగా నవ్వింది సింగన్నట. ఆ తర్వాత వాళ్ళు చాలాకాలం రాజ్యం చేశారు. కంఠీరవ మహారాజు ఏ పని తలపెట్టినా, దాని బరువు మోయబోయేవాళ్ళను ముందు పిలిచి అడిగేవాడు. మధురావతిలో మళ్ళీ ఎవరి తలా ముప్పై ఏళ్ళకే నెరవలేదు.