ఆపమన్న ప్రార్థన

1983 అక్టోబరు. ఆదివారం పొద్దున్నే శాంతి అత్తగారి పెట్టె సర్దుతోంది. అడుగున చీరలు, మధ్యలో తెలుగు బైబిలు, చేతికందేలా రక్తపోటు మాత్రలు. ఉన్ని స్వెట్టర్ మాత్రం బయట పెట్టింది. అమెరికాలో కొడుకింట ఆరు నెలలుండి సాయంత్రం విమానానికి పాలకొల్లు వెళ్ళిపోతున్న విమలకుమారి మంచం అంచున కూర్చుని కోడలి చేతులే చూస్తోంది. వారంగా ఆ చేతులు అన్నం పెట్టాయి, కాఫీ ఇచ్చాయి. నోరు మాత్రం అవసరానికి మించి పలకలేదు.

"ఏంటమ్మా ఈ బరువు? ఫార్మింగ్టన్ హిల్స్ సగం పట్టుకుపోతున్నావా?" అన్నాడు కొడుకు రత్నరాజు గుమ్మంలోంచి. ఎవరూ నవ్వలేదు. కారులో గ్యాస్ కొట్టించుకొస్తానని జారుకున్నాడు.

అంతా పోయిన ఆదివారం విమలకుమారి చేసిన పని. బాత్రూమ్ అలమరలో ఆమెకు కుటుంబ నియంత్రణ మాత్రల అట్ట దొరికింది. కొడుకు పెళ్ళయి నాలుగేళ్ళయింది. కోడలు అన్నం సగంలో వదిలేసి మాల్‌లో నడకలకు పోతుంటే సన్నబడే షోకనుకుంది. ఇప్పుడిది. చర్చి బేస్‌మెంట్‌లో తెలుగువాళ్ళ కూటంలో ప్రార్థన మనవులు చెప్పమనగానే లేచింది. "దేవుడిచ్చే బిడ్డను మాత్రలతో ఆపుతున్న నా కోడలు శాంతి మనసు మారాలని ప్రార్థించండి" అంది. అందరూ గొంతెత్తారు. వాళ్ళ మధ్య కళ్ళు మూసుకుని నిలబడ్డ శాంతి, అందరి నోటా తన పేరు విని కళ్ళు తెరిచింది.

"అమ్మాయ్, కోపముంటే తిట్టు. ఇలా మాట్లాడకుండా పంపకు."

"తిట్టడానికేముంది అత్తయ్యా? మీకు బిడ్డ కావాలి. నాక్కూడా కావాలి."

"మరి ఆ మాత్రలెందుకే?"

శాంతి పెట్టె మూసి దానిమీద కూర్చుంది. "నాకు నెలనెలా రాదు. ఏడాదికి రెండుసార్లొస్తే గొప్ప. అండాలు ఎదక్కుండా లోపలే చిన్న బుడగల్లా ఉండిపోతాయట. పాలీసిస్టిక్ ఓవరీస్ అంది డాక్టర్. నెలసరి రాకపోతే గర్భసంచి లోపలి పొర పాడవుతుందని ఆ మాత్రలిచ్చింది. కొన్నాళ్ళు పోయాక బిడ్డ కోసం వేరే మందు ట్రై చేద్దామంది. బరువు తగ్గకపోతే షుగర్ వచ్చే భయముందట. అందుకే నడక. పూర్తిగా పోయేది కాదు, జాగ్రత్తగా చూసుకుంటూ ఉండాలి."

"ఒక్క మాట నాతో అనకపోయావా?"

"పొద్దున్నే తలుపేసుకుని ఈ జబ్బుతోనే గడ్డం కింద మొలిచే వెంట్రుకలు పీక్కునేదాన్ని. 'అద్దం వదలదు, దొరసాని' అన్నారు మీరు. ఇంకేం చెప్పను?"

 వద్దన్నా వినకుండా నెయ్యన్నం కొసరి వడ్డించిన తన చేతిని చూసుకుంది విమలకుమారి.

"ఇవాళ అందరికీ చెప్తాను, నీకు జబ్బని..."

"వద్దు. మళ్ళీ నా ఒంటి సంగతి పదిమందిలో పెట్టకండి."

చర్చి దగ్గర శాంతి కారు దిగలేదు. విమలకుమారి కొడుకు వెంట మెట్లు దిగి వెళ్ళింది. కూటంలో సాక్ష్యాలు చెప్పే వేళ లేచి కుర్చీ పట్టుకుని నిలబడింది.

"పోయిన వారం మీచేత తప్పు ప్రార్థన చేయించాను. తెలియకుండానే నా కోడలిమీద నిందేశాను. ఏమిటని ఎవరూ అడగకండి, ఆమెనసలు అడగకండి. ఆ ప్రార్థన ఆపెయ్యండి. చేస్తే నా నోటి కోసం చేయండి."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. రత్నరాజు తల దించుకున్నాడు. కూర్చోబోతూ తలుపువైపు చూసింది విమలకుమారి. అక్కడ శాంతి నిలబడి ఉంది, చేతిలో స్వెట్టర్‌తో.

"కారులో మర్చిపోయారు" అంటూ వచ్చి అత్తగారి భుజాలమీద కప్పింది. ఆ చేతులకు తానే తొడిగి, బొత్తాలు పెట్టింది. ఆఖరి బొత్తం దగ్గర ఇద్దరికీ కన్నీళ్ళు ఆగలేదు.

"నెయ్యి మానేస్తానమ్మా" అంది విమలకుమారి.

"మానాల్సింది నేను అత్తయ్యా, మీరు కాదు."

ఎయిర్‌పోర్ట్‌లో శాంతి ఆమెను గట్టిగా పట్టుకుని, "వచ్చే సమ్మర్‌కి రండి, కలిసి నడుద్దాం" అంది. వస్తానంది.

విమలకుమారి మళ్ళీ రాలేదు. 1984 మార్చిలో పాలకొల్లులో పోయింది.