నిండు బండికి గట్టి షాకబ్జార్బర్లు

ఆ ఉదయం కూడా కమాన్ల మేస్త్రి టీ గ్లాసును బానెట్ మీద పెట్టుకునే తాగాడు. నలభై ఏళ్ళు లారీల కింద బరువు మోసే కమాన్ పట్టీలు బిగించి, విప్పి, మళ్ళీ బిగించిన మనిషి కాబట్టి ఆ పేరే మిగిలిపోయింది. అసలు పేరు ఇంటి పన్ను కాగితం మీద తప్ప ఎక్కడా వినబడదు. పని మానేసిన ఏడాది ఒక పాత ఫోర్‌వీల్ డ్రైవ్ బండి కొన్నాడు. దాని వెనక మడత మంచం, నీళ్ళ ట్యాంకు, టాపు మీద సామాన్ల పెట్టె, అన్నీ తన చేత్తోనే అమర్చుకున్నాడు. చక్రాల దగ్గర షాకబ్జార్బర్లు మార్చడమొక్కటే మిగిలింది.

బండి ఎందుకంటే, భార్య కోసం. ఆమె బడిలో ముప్పై రెండేళ్ళు పిల్లలకి పాఠం చెప్పింది. నది సముద్రంలో కలిసే చోటు ఎలా ఉంటుందో నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసి చూపించేది. తను మాత్రం ఒక్కసారీ చూడలేదు. "పని మానేశాక తీసుకెళ్తా టీచరమ్మా" అని ఆయన ఏటా అంటూ వచ్చాడు. పని మానేసిన ఆరు నెలలకే ఆమెకు ఎముకల్ని లోపల్నుంచి గుల్ల చేసే జబ్బు బయటపడింది. కుదుపులు తగలకూడదన్నాడు డాక్టరు. నది దాకా మూడు రోజుల ప్రయాణం, ఆఖరి రోజంతా రాళ్ళదారి.

డాక్టరు మాటని మేస్త్రి తనకు తెలిసిన భాషలోకి మార్చుకున్నాడు. కుదుపు తగలకూడదంటే మంచి షాకబ్జార్బర్లు వెయ్యాలి, అంతే. అక్కడితో ఆయన మనసు కుదుటపడింది.

సామాను కొట్టు యజమాని మూడు రకాలు బల్ల మీద పరిచాడు.

"బండి నిండుగా ఎంత తూగుతుంది మేస్త్రీ?"

"మా సామానుకీ, మా ఇద్దరికీ బదులు ఇసక బస్తాలు వేసి కాటా మీద పెట్టా. మూడు టన్నుల నూట ఎనభై కిలోలు. నీళ్ళు, డీజిలు, మంచం, మేమిద్దరం, అన్నీ కలిపి."

"ఎప్పుడూ ఆ లోడుతోనే తిరుగుతుందా? అలాగైతేనే గట్టివి. లేదంటే ఈ నడిమి రకం చాలు."

"నాకే చెప్తున్నావా?" అని నవ్వాడు మేస్త్రి. "ఖాళీ బండికి గట్టివి వేస్తే గుంతకో గెంతు గెంతుతుందని ఎంతమందికి చెప్పానో నాకే లెక్కలేదు. మాది నిండు బండి. గట్టివే ఇవ్వు."

అవి బిగించడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు పొద్దున్నే భార్యను రెండు చేతులమీద ఎత్తుకుని బండిలో పడుకోబెట్టాడు. ఆమె చక్కగా కాళ్ళు చాపుకోవాలని మెత్తటి పరుపు వేశాడు. పరుపుకి చోటు చాలక ఇసక బస్తాలు దించేశాడు. ట్యాంకులో నీళ్ళు చప్పుడు చేస్తే చిరాకు పడుతుందని వాటినీ వదిలేశాడు. టాపు మీది పెట్టె అసలు ఎక్కించనే లేదు. ఊరి చివర క్వారీ వైపు ఆరు కిలోమీటర్లు రాళ్ళదారిలో పోనిచ్చాడు.

"ఎలా ఉంది?" అని నాలుగైదుసార్లు అడిగాడు.

"బాగుందండీ. అసలు తెలియనే లేదు" అందామె ప్రతిసారీ.

ఆయన మొహం చాటంతయింది. ఇంటికొచ్చి గోడ మీది క్యాలెండరులో వచ్చే ఆదివారానికి సున్నా చుట్టాడు. ఆ రోజంతా ఈల వేస్తూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున ఆమె లేవలేకపోయింది. లేపబోతే గట్టిగా అరిచింది. ఆ గొంతు మేస్త్రి ఎన్నడూ వినలేదు. కూతురికి ఫోను చేశాడు. ఆ అమ్మాయి ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. అంబులెన్సు తీసుకొచ్చింది, తల్లిని తనే బల్ల మీద పడుకోబెట్టి ఫిల్ము తీసింది. చెయ్యగలిగిందేమీ లేదు, కదలకుండా పడుకోవడమే మందు అని డాక్టరు చెప్పాక సాయంత్రానికి తిరిగి ఇంటికి చేర్చింది.

తల్లికి కునుకు పట్టాక కూతురు ఫిల్ము పట్టుకుని వరండాలోకి వచ్చింది.

"చూడు నాన్నా. ఇక్కడ నలిగింది, ఇక్కడ చీలింది. పాత దెబ్బ కాదు. నిన్న ఏం జరిగింది?"

"ఏం జరగలా. కాస్త అలా తిప్పుకొచ్చా. బాగుందనే అంది."

"ఎక్కడికి?"

"క్వారీ రోడ్డుకి. కొత్త షాకబ్జార్బర్లు వేశాను కదా తల్లీ. చాలా గట్టివి, మామూలువి కావు."

కూతురు ఫిల్ము కిందికి దించింది. తండ్రి లారీలు బాగుచేసే షెడ్డులో నట్లూ బోల్టులూ ఏరుకుంటూ పెరిగిన పిల్ల ఆమె.

"లోడు ఎంత ఉంది?"

మేస్త్రి బండి వైపు చూపు తిప్పుకున్నాడు.

"నిన్నే అడుగుతున్నా. బస్తాలు ఉన్నాయా, తీసేశావా?"

"అమ్మ కాళ్ళు చాపుకోవాలి కదా..."

"తీసేశావు! మూడు టన్నులకని గట్టివి బిగించి, లోడంతా దించేసి, ఖాళీ బండిలో అమ్మని రాళ్ళ మీద తిప్పావు. దారినపోయే డ్రైవర్లందరికీ చెప్పేవాడివే, ఖాళీ బండికి గట్టివి వెయ్యొద్దని! నీకెలా తట్టలేదు నాన్నా?"

ఆయన వరండా మెట్టు మీద కూలబడ్డాడు. నిజమే, తట్టలేదు. ఆమెకి చోటు చెయ్యాలన్న ధ్యాసలో ఆ సంగతే గుర్తు రాలేదు. లారీల కింద బతికినన్నాళ్ళూ చెయ్యని పొరపాటు ఇంట్లో మనిషికి చేశాడు.

కూతురి కోపం ఇంకా దిగలేదు. "బండిని కాటా మీద తూచావు కదా. అమ్మ బరువెంతని రాసుకున్నావు?"

"యాభై ఎనిమిది."

"అది జబ్బు రాకముందు. పొద్దున ఆసుపత్రిలో తూచాం. ముప్పై తొమ్మిది." ఆమె ఫిల్మును కవర్లో పెట్టేసింది. "అమ్మ ఇక ఎక్కడికీ రాదు నాన్నా. ఏది బిగించినా రాదు. నీకు తెలుసు, తెలిసే ఆ బండి కింద దూరుతున్నావు."

ఆయన లేచి, పడుతూ లేస్తూ లోపలికి వెళ్ళాడు. టీచరమ్మ మెలకువగానే ఉంది. కిటికీ పక్క మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది.

"అమ్మాయి బాగా కేకలేసిందా?"

"నొప్పి పుడితే ఆపమని చెప్పొచ్చు కదే?"

"ఎలా చెప్పమంటారు? ముందు అద్దంలో మీ మొహం కనబడుతూనే ఉంది. పెళ్ళినాటి కళ వచ్చింది. అది చూస్తూ పళ్ళ బిగువున పడుకున్నాను."

మేస్త్రికి ఏడుపు తన్నుకొచ్చింది. "నిన్ను ఆ నది దగ్గరికి తీసుకెళ్ళకపోతే నేనెందుకే? ఇన్నేళ్ళూ రేపు, రేపు అన్నాను."

"చూడాలని నాకూ ఉండేది. లేదని అబద్ధమెందుకు?" అందామె. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటోంది. "కానీ ఆర్నెల్లుగా ఈ కిటికీలోంచి నాకు కనబడేది ఏమిటో తెలుసా? బండి కిందనుంచి బయటికొచ్చిన మీ కాళ్ళు. పొద్దున కాళ్ళు, మధ్యాహ్నం కాళ్ళు. మనిషివి పక్కనే ఉన్నావు కదా, ఓసారి వచ్చి కూర్చోవయ్యా అని పిలుద్దామనిపించేది. నా కోసమే కదా ఆ కష్టమంతా అని ఊరుకునేదాన్ని."

ఎప్పుడూ మీరు అనే మనిషి నోట ఆ ఏకవచనం విని ఆయన తల దించుకున్నాడు. జేబులో ఫోను మోగింది. సామాను కొట్టు యజమాని.

"ఎలా ఉన్నాయి మేస్త్రీ? మరీ గట్టిగా ఉంటే చెప్పండి, నడిమి రకం పంపిస్తా."

"వద్దు."

"టూరు ఎప్పుడు మరి?"

మేస్త్రి భార్య వైపు చూశాడు. ఆమె కూడా ఆయన్నే చూస్తోంది.

"లేదు. ఇక వెళ్ళట్లేదు" అన్నాడు. ఆ మాట నోటితో అనడం అదే మొదటిసారి. ఫోను పెట్టేసి, మంచం పక్కన నేల మీద కూర్చుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. టీచరమ్మ ఊరుకోమనలేదు. చెయ్యి చాపి, అందినంత మేర ఆయన చొక్కా అంచు పట్టుకుంది.

కూతురు గుమ్మం దాకా వచ్చి ఆగింది. వెనక్కి వెళ్ళి కుర్చీ తెచ్చి మంచం పక్కన వేసింది.

"కింద కూర్చోకు నాన్నా, నీకూ నడుము పట్టేస్తుంది. నేను సెలవు పెట్టాను. రాత్రికి ఇక్కడే ఉంటా."

ఆయన కుర్చీలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. భార్య వీపు కిందికి చెయ్యి పోనివ్వబోయి, భయపడి, మధ్యలోనే ఆపేశాడు.

"ఎక్కడ నొప్పి?" అని అడిగాడు. ఈ ఆర్నెల్లలో ఆ ప్రశ్న తను అడగనే లేదని అప్పుడు తెలిసొచ్చింది.

"ఇంకాస్త కిందికి."

"ఇక్కడా?"

"ఆఁ, అక్కడే. నొక్కకండి. ఊరికే పెట్టి ఉంచండి."

ఆయన అరచెయ్యి అక్కడే ఉంచి, ఆమె నిద్రపోయేదాకా కదలకుండా కూర్చున్నాడు.